ఎర్ర అక్షరాలు వస్తాయి, పట్టించుకోవద్దు

మా ఆఫీసులో రెండు కంప్యూటర్లకు కలిపి ఒకటే నెట్ వైరు ఉండేది. కళ్యాణదుర్గంలో ఒక పాత మేడ పైగదిని మా వ్యవసాయ శాఖ అద్దెకు తీసుకుంది. గోడకు బిగించిన ఇంటర్నెట్ పెట్టెకు నాలుగు రంధ్రాలుంటే, మూడింటిలో చీమలు కాపురం పెట్టి వాటిని పనికిరాకుండా చేశాయి. మిగిలిన ఒక్కదానికి తగిలించిన వైరు మా సారు బల్లకూ నా బల్లకూ మధ్య తిరుగుతూ ఉండేది. సారు మెయిల్ చూసుకోవాలంటే నేను వైరు పీకి ఇవ్వాలి. నాకు కావాలంటే ఆయన టీ తాగడానికి లేచేదాకా ఆగాలి.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ వైరు చాటున ఏళ్ళ తరబడి దాక్కుని ఉంది. అది నాకు తెలియనే లేదు.

నా పని విత్తనకాయల వెబ్‌సైటు చూసుకోవడం. తొలకరికి ముందు రైతులకు రాయితీ మీద విత్తన వేరుశనగ ఇస్తారు. ఏ ఊరివాళ్ళు ఏ రోజు గోదాముకు రావాలో మా వెబ్‌సైటు వరుస వేసి, వాళ్ళ ఫోన్లకు మెసేజీ పంపుతుంది. అది రాకముందు జనం రెండేసి రోజులు గోదాము ముందే పడిగాపులు కాసేవాళ్ళు. ఎండలో నిలబడలేక చెప్పులో, పాసుబుక్కో, రాయో వరుసలో పెట్టి, పోయి నీడన కూర్చునేవాళ్ళు. చెప్పు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే లెక్క. ఆ వరుసను ఎవరూ తప్పేవాళ్ళు కాదు. ఈ అవస్థ తప్పించాలనే పైవాళ్ళు ఈ సాఫ్ట్‌వేరు చేయించారు. చేసిన కంపెనీ పిల్లలు ఏడాదికే వేరే పని చూసుకుని వెళ్ళిపోతే, అది నా నెత్తిన పడింది.

మొదట్లో నేను ఏ మార్పు చేసినా నేరుగా అసలు సైటులోనే చేసేవాణ్ణి. మా భాషలో దాన్ని లైవ్ అంటారు. ఒకరోజు పంపకం జరుగుతుండగా చిన్న సవరణ చేయబోయి సైటు మొత్తం తెరుచుకోకుండా చేశాను. గోదాములో కౌంటరు ముందు నిలబడ్డ రైతులు ఆ పూట నన్ను ఏమేం అన్నారో కాపలా మనిషి తర్వాత నాకు చెప్పాడు, ఒక్కటీ వదలకుండా. ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, నా బల్ల మీది కంప్యూటర్లోనే సైటుకు ఒక నకలు తయారు చేసుకున్నాను. దాన్ని లోకల్ అంటారు. చిత్తుపుస్తకం లాంటిదనుకోండి. అందులో ఎన్ని కొట్టివేతలు చేసినా బయట ఎవరికీ తెలియదు, అన్నీ కుదిరాకే అసలు దాంట్లోకి ఎక్కిస్తాం. ఇప్పటి పిల్లలు ఒక పూటలో పెట్టేస్తారట. నాకు నెల పట్టింది. పెట్టాక మాత్రం ఆఫీసుకు వచ్చిన ప్రతివాడికీ చూపించాను, నీళ్ళ క్యాను తెచ్చేవాడితో సహా.

నేను రిటైరై దిగిపోవడానికి ఇంకా ఏడాది ఉందనగా, నా స్థానంలోకి తయారు కావాలని ఒక అమ్మాయిని కాంట్రాక్టు మీద వేశారు. ఉరవకొండ పిల్ల. వాళ్ళ నాయనది బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి. ఆ అమ్మాయి వచ్చిన మొదటి రోజే, లోకల్ ఎట్లా పెట్టుకోవాలో రాసి ఇవ్వమని అడిగింది. నాలుగు కాగితాలకు రెండు వైపులా పద్నాలుగు మెట్లుగా రాసి ఇచ్చాను. నా అనుభవమంతా అందులో పెట్టాననే అనుకున్నాను.

మూడో మెట్టు దగ్గరే ఆ అమ్మాయి ఆగిపోయింది.

"సార్, ఈడ 'ముందు చేసినట్టే చేయాలి' అని రాసిండారు. ముందు అంటే ఎప్పుడు సార్?"

"ముందటి మిషన్‌లో చేసినట్టమ్మా."

"ఆ మిషన్ యాడుండాది?"

అది పోయి ఐదేళ్ళయింది. కాస్త నొచ్చుకుని, పక్కన కూర్చుని చేసి చూపించాను. ఇంకో మెట్టులో ఒక ఫైలు పేరు తప్పు రాశాను. మరో మెట్టు పూర్తిగా నా తలకాయలోనే ఉండిపోయింది. అలా మూడు రోజులు గడిచాయి. ఆ అమ్మాయి ఒక్కో మెట్టు అయ్యాక నీలం పెన్నుతో టిక్కు పెట్టి, పక్కన ఏం కనబడిందో రెండు మాటలు రాసుకునేది. ఎందుకమ్మా ఇంత ఛాదస్తం అన్నాను.

"మా నాయన మోటారు విప్పితే ప్రతి వైరుకూ ఒక గుర్తు పెడతాడు సార్. లేకుంటే మల్ల బిగించేటప్పుడు తెలీదంటాడు."

ఆమెకు సొంత ల్యాప్‌టాప్ ఉంది. మా వైరుతో పని లేకుండా తన ఫోన్లోంచే నెట్ పెట్టుకునేది. సారూ నేనూ ఆ సౌకర్యం చూసి ముచ్చటపడ్డాం. దాని గురించి అంతకుమించి ఆలోచించలేదు.

పన్నెండో మెట్టులో నేను ఇలా రాశాను: 'ఏవైనా రెండు ఊళ్ళు ఎంచుకుని వరుస ఖరారు బటన్ నొక్కాలి. ఎర్ర అక్షరాలు వస్తాయి, పట్టించుకోవద్దు.' నా కంప్యూటర్లో ఎప్పుడు నొక్కినా తెర కింద ఎర్రగా ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చేది. మిషన్ పాతది కాబట్టి ఏదో సణుగుతోంది అనుకునేవాణ్ణి. చదివితే అర్థం కాని ఇంగ్లీషు కాదు. చదవలేదు, అంతే.

ఆ గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అమ్మాయి కంబదూరు మండలంలోని రెండు ఊళ్ళు ఎంచుకుని బటన్ నొక్కింది.

"సార్, పన్నెండు దాంక వచ్చినా. ఎర్ర అక్షరాలు రాలేదు."

"రాకపోతే మంచిదే కదమ్మా. నాది పాత మిషన్, నీది కొత్తది" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఆ రోజు ఇద్దరం టీ తెప్పించుకుని తాగాం. లోకల్ పెట్టడం అయిపోయిందని సారుకు కూడా చెప్పాను, కాస్త గర్వంగానే.

మర్నాడు పొద్దున ఏడున్నరకు గోదాము కాపలా మనిషి ఫోన్ చేశాడు.

"సార్, కంబదూరు సైడు జనం వచ్చిండారు. ఆటోల్లో దిగుతానే ఉండారు. కాయలు యాడ సార్?"

"ఈరోజు పంపకం లేదప్పా. లారీ వచ్చేది ఎల్లుండి."

"మీరే మెసేజీ పంపినారంట గదా. నాకు చూపిస్తాండారు."

ఫోను పెట్టేసి, ఆ అమ్మాయికి రాసి ఇచ్చిన మెట్లను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. నకలు తీసేటప్పుడు అసలు సైటులోని రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ వచ్చేస్తాయి. మెసేజీలు పంపే తాళంచెవి లాంటి పొడుగాటి అంకె ఒకటి సెట్టింగుల ఫైల్లో ఉంటుంది. నా కాగితంలో ఐదో మెట్టు ఏమిటంటే, 'ఈ ఫైలు ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలి.' అంటే ఆ అమ్మాయి లోకల్లో నొక్కిన బటన్‌తో నిజమైన మెసేజీలు నిజమైన మనుషులకు పోయాయి. రేపు ఉదయం ఎనిమిదికి రండని.

ఊరికే వచ్చి పోవడమైతే ఇంత బాధ ఉండేది కాదు. మూడు రోజుల ముందే వాన పడింది. మా సీమలో వాన పడ్డాక నేలలో విత్తనానికి సరిపడే తేమ నిలిచేది నాలుగైదు రోజులు. దాన్ని పదును అంటాం. ఆ పదునులో ఒక రోజు వాళ్ళు గోదాము గడప దగ్గర పోగొట్టుకున్నారు. ఆ మెసేజీ రాకుంటే చేతనైనవాళ్ళు బయట కాయలు కొనుక్కుని ఆ రోజే విత్తుకునేవాళ్ళు.

నేను ఆఫీసుకు పోయేసరికి సారు అప్పటికే వచ్చి ఉన్నారు. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎవరు చేసినారు ఇది?" అన్నారు సారు.

"నేనే నొక్కినా సార్" అంది.

కాగితం సంగతి ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఎత్తలేదు.

ఆమె బయటికి పోయాక సారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఆయమ్మ కాంట్రాక్టు గదా. ఈ నెలాఖరుకు ఎట్లాగూ పొడిగించల్ల. పొడిగించొద్దని ఒక లెటరు పెట్టేస్తే పైవాళ్ళకు జవాబు చెప్పినట్టుంటాది. నువ్వు టైపు చెయ్యప్పా, సంతకం పెడతా" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. పైనుంచి ఫోను మోగుతుంటే ఎవరికైనా అందిన దారే కనబడుతుంది. నేను మాత్రం ఏం చేశాను? కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాను. 'సదరు కాంట్రాక్టు ఉద్యోగిని అజాగ్రత్త వలన' అని కొట్టాను. నాకు ఏడాది ఉంది, ఏ మచ్చా లేకుండా దిగిపోవాలని ఉంది. ఆ అమ్మాయి చిన్నది, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉరవకొండలో ఉండి ఇంటి దగ్గరి నుంచి బస్సులో వచ్చి చేసుకునే ఇలాంటి ఉద్యోగం ఇంకోటి ఎక్కడుందని మాత్రం నన్ను నేను అడగలేదు. ఆ వాక్యం సగంలో ఉండగా, గోదాము దగ్గర జనం గట్టిగా మాట్లాడుతున్నారు, పోయి సర్దిచెప్పమని సారు నన్ను పంపారు.

గోదాము ముందు ఏళ్ళ తర్వాత మళ్ళీ చెప్పుల వరుస కనబడింది. గేటు నుంచి రోడ్డు దాకా చెప్పులు, మధ్య మధ్య పాసుబుక్కుల మీద రాళ్ళు, ఒకచోట సగం తాగిన నీళ్ళ సీసా. మనుషులంతా గోడ నీడన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి చుట్టూ చేరారు. అందరికంటే ముందున్నది నా వయసు ఉన్న ఒక మహిళా రైతు. చేతిలో పాత బటన్ల ఫోను.

"అప్పా, విత్తే గొర్రు కట్టించి పెట్టి వచ్చినా. ఎద్దులు ఈ పొద్దుకే ఇస్తామన్నారు. కాయలు ఎప్పుడిస్తారు?"

"ఈరోజు లేవక్కా. మిషన్‌లో ఏదో పొరపాటు వచ్చినాది."

"మిషన్ దానంతట అదే పంపుతాదా?"

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"సరే, మెసేజీ తప్పయితే తప్పే. మేం వచ్చిండేది తప్పు గాదు గదా. మా వరస రాసుకో. ఎల్లుండి మల్ల మొదటి నుంచి నిలబడమంటే మా వల్ల గాదు" అంది.

కాపలా మనిషి దగ్గర ఒక నోటుబుక్కు తీసుకుని గేటు దగ్గర మొదలుపెట్టాను. వంగి ఒక్కో చెప్పు దగ్గర ఎవరిదని అడగడం, పేరు రాసుకోవడం. నీళ్ళ సీసా దగ్గర ఆగితే, దాని మనిషి పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాడని, సీసా తీయొద్దని నలుగురు ఒకేసారి చెప్పారు. అతను లేడు కదా అని ఎవరూ ముందుకు జరగలేదు. ఎండలో నడుం వంచి ఆ వరుస రాస్తుంటే, నా కంప్యూటర్లో సగంలో ఆగిన వాక్యం గుర్తుకు వచ్చి నాకు సిగ్గేసింది. ఉత్త చెప్పుకు ఇంతమంది మనుషులు సాక్ష్యం చెప్తున్నారు. నేను ఎదురుగా నిలబడ్డ మనిషికి ఒక్క మాట సాక్ష్యం చెప్పలేదు.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో మెసేజీల తాళంచెవి తీసేసి, ఖాళీగా కూర్చుని ఉంది. బల్ల మీద నా నాలుగు కాగితాలు ఉన్నాయి. వాటిని తీసుకున్నాను. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, ఆమె ఎక్కడైనా ఒక మెట్టు వదిలేసిందేమో, అలా దొరికితే బాగుండునని చూశాను. ఒక్కటీ వదల్లేదు. పద్నాలుగు మెట్లకూ టిక్కులున్నాయి. పన్నెండో మెట్టు పక్కన నీలం పెన్నుతో ఇలా ఉంది: 'ఎర్ర అక్షరాలు రాలేదు. సారుకు చెప్పినా. మంచిదే అన్నారు.'

ఇన్నేళ్ళుగా నా మిషన్ ఒక్క మెసేజీ కూడా పంపలేదన్న ధైర్యంతో నా కంప్యూటరు ముందుకు పోయి బటన్ నొక్కాను. వైరు ఎప్పటిలాగే సారు బల్ల దగ్గరే ఉంది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. అన్నేళ్ళలో మొదటిసారి ఆ వాక్యం చదివాను. ఇంటర్నెట్ అందనందున మెసేజీలు పంపలేకపోయానని ఉంది అందులో. నేను లోకల్లో పని చేసినప్పుడల్లా వైరు సారు దగ్గర ఉండేది. ప్రతిసారీ నా మిషన్ రైతులకు మెసేజీలు పంపబోయి, వైరు లేక ఆగిపోయింది. నేను జాగ్రత్తపరుణ్ణని అనుకున్నాను. కాపాడింది చీమలు.

"ఏంటికి చెప్పలేదమ్మా, కాయిదం నాదని?" అని అడిగాను.

"మీరు చెప్తారనుకున్నా సార్" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

కాగితాలు తీసుకుని సారు దగ్గరికి పోయాను. ఐదో మెట్టు, పన్నెండో మెట్టు చూపించాను. వైరు సంగతి చెప్పాను. ఆయన తన బల్ల కిందికి వంగి ఆ వైరు వంక చూసి, మళ్ళీ నన్ను చూశారు.

"ఏమప్పా, ఇంగ ఏడాదిలో ఇంటికి పోయేవానివి. నీ ఫైలు మీద మచ్చ పడితే తుడిచేటోడు ఎవడూ ఉండడు. ఆలోచన చేసుకో."

"రాసింది నేను సార్. ఆయమ్మ చదివింది."

"ముందే చెప్పుంటే బాగుండు గదప్పా."

"బాగుండేది సార్."

ఆయన కాసేపు కాగితాలు తిరగేశారు. "అయితే నీ మీదే రాయి" అన్నారు.

పోయి కూర్చుని ఆ లెటరే తెరిచాను. 'సదరు కాంట్రాక్టు ఉద్యోగిని' అన్న మాటలు చెరిపి నా హోదా కొట్టాను. 'అజాగ్రత్త' అన్న మాట అట్లాగే ఉంచాను. నాకు మెమో వచ్చింది. నేను దిగిపోయాక పింఛను కాగితాలు కొన్ని నెలలు ఎక్కడో ఒక బల్ల మీద నిద్రపోయాయి. ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగించారు.

అనుకున్నట్టే రెండు రోజులకు లారీ వచ్చింది. నోటుబుక్కులోని చెప్పుల వరుసనే సైటులోకి ఎక్కించి, అదే ప్రకారం కాయలు ఇచ్చాం. నీళ్ళ సీసా మనిషి తన వంతుకు సరిగ్గా వచ్చాడు. ఆ కంబదూరు అక్క మూటలు ఆటోలో వేయించుకుంటుంటే దగ్గరికి పోయాను.

"పదును ఉండాదా అక్కా?"

"యాడుంటాది? పై నేలంతా ఆరిపోయినాది. ఇంగో వాన రావల్ల."

"ఆ మెసేజీ తప్పు నాదేనక్కా. మిషన్‌ది కాదు."

"తెలుసులే. ఆ పొద్దు నీ మొగం చూస్తేనే తెలిసినాది" అంది, మూట సర్దుకుంటూ. ఇంకో వాన ఆ ఏడు ఇరవై రోజులకు గానీ పడలేదు. ఆమె పంట ఏమైందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత నెలలో ఆ అమ్మాయి ఆ కాగితాలన్నీ మళ్ళీ రాసింది. రాసి ఊరుకోలేదు. ఒక ఖాళీ కంప్యూటరు నా ముందు పెట్టి, కేవలం తను రాసింది చదివి లోకల్ పెట్టమంది. నాకు తెలిసినదేదీ వాడకూడదట. నేను ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేది కాదు, ఆ జవాబును కాగితంలో చేర్చేది. నాలుగో మెట్టులో తడబడ్డాను, ఏడో దాంట్లో తిట్టుకున్నాను. సాయంత్రానికి కుదిరింది. ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగేది ఇంతే: మీరు రాసిన కాగితం సరైనదో కాదో మీకు తెలియదు. తెలియని మనిషిని కూర్చోబెట్టి, మీరు నోరు మూసుకుని చూడండి.

ఆమె రాసిన ఐదో మెట్టులో ఒక కొత్త సంగతి ఉంది. నకలు తీయగానే అందులోని రైతుల ఫోన్ నంబర్లన్నీ చెరిపి, ఆ స్థానంలో ఒకే ఒక నంబరు పెట్టాలి. ఎవరైనా పొరపాటున తాళంచెవి ఉంచేసినా మెసేజీలన్నీ ఆ ఒక్క ఫోనుకే పోతాయి. ఆ నంబరు చూసి ఇది నాది కదమ్మా అన్నాను.

"అవును సార్. తప్పిపోతే మీకే పోనీ అని పెట్టినా" అంది. ఆమె నవ్వగా చూడడం ఆ సంఘటన తర్వాత అదే మొదలు.

దిగిపోయేటప్పుడు నా నంబరు తీసేయమని చెప్పే వీలుండింది. చెప్పలేదు.

మొన్న బస్టాండు దగ్గర టీ తాగుతుంటే జేబులో ఫోను మోగడం మొదలుపెట్టి ఆగలేదు. తీసి చూస్తే ఒకదాని కింద ఒకటి, ఊళ్ళకు ఊళ్ళు, అన్నీ ఒకే మాట. విత్తనకాయల కోసం రేపు ఉదయం ఎనిమిది గంటలకు గోదాముకు రాగలరు. టీ కొట్టు అతను మెడ చాచి చూసి, "ఏమన్నా, నువ్వేమన్నా సేద్యం మొదలు పెట్టినావా?" అన్నాడు. నాకు సెంటు భూమి లేదు. కిందికి జరుపుతూ పోతే ఒక మెసేజీలో ఆ కంబదూరు అక్క పేరు కనబడింది. చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాను. మెసేజీ ఆమె పేరు మీద ఉంది, ఫోను మాత్రం నాది. ఆమె ఎక్కడో తన చేన్లో తన పని చూసుకుంటూ ఉంటుంది, రేపు ఎక్కడికీ బయలుదేరదు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆ గదిలో పెద్ద ఆ ఉరవకొండ పిల్లే.

"కొత్తగా ఎవరైనా చేరినారా అమ్మా?"

"ఒకామె చేరినాది సార్. లోకల్ పెట్టుకుంటాండాది. ఆరో మెట్టులో తాళంచెవి తియ్యడం మర్చిపోయినట్టుండాది. మెసేజీలు ఏమన్నా వచ్చినాయా?"

"వచ్చినాయమ్మా. అన్నీ నాకే వచ్చినాయి."

"అన్నీనా సార్?"

"అన్నీ."

అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది. "ఐదో మెట్టు వదల్లేదు సార్ అయితే" అంది.